పడమటి ఎండకు అద్దాల గోడ వద్దు, ఆ డబ్బు స్లాబు మీద పెట్టండి

ప్రశ్న: మాది దేవరకొండ. పడమర రోడ్డుకు 200 గజాల ప్లాటు ఉంది. రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 60 అడుగులు. కింద అత్తమ్మ, మామయ్య, పైన మేము ఉండేటట్టు రెండంతస్తుల ఇల్లు మొదలుపెడుతున్నం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బాబు కొత్త రకం ఇళ్ల ఫొటోలు పంపిండు. ముందు భాగమంతా కింది నుంచి పై దాకా అద్దం, హాలు డబుల్ హైట్ (మధ్యలో స్లాబు లేకుండా రెండంతస్తుల ఎత్తు), అన్ని గదులకు ఫాల్స్ సీలింగ్. ఇంజినీరు సారు లైట్ వెయిట్ ఇటుకలు పెట్టమంటున్నరు. మేస్త్రీ మాత్రం వాటికి పగుళ్లు వస్తయి, ఎర్ర ఇటుకే మేలంటున్నడు. డబ్బులు అన్నిటికీ చాలవు. ఏది పెట్టుకోవాలె, ఏది మానుకోవాలె? బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంది, దానికి ఇప్పుడే ఏమన్నా ఏర్పాటు చేసుకోవాల్నా?
- ఒక గృహిణి, దేవరకొండ

సమాధానం: అమ్మా, డబ్బు చాలనప్పుడు ముందు తేల్చుకోవలసింది, తర్వాత మార్చుకోలేనిది ఏది అని. ఫాల్స్ సీలింగ్ ఐదేళ్ల తర్వాతైనా పెట్టించుకోవచ్చు. పడమటి గోడలో 18 అడుగుల ఎత్తు ఖాళీ వదిలి అద్దం బిగిస్తే మాత్రం దాన్ని మళ్లీ గోడగా మార్చడం చాలా ఖర్చు, చాలా రభస. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎండాకాలం ఇంటిని కాల్చేవి రెండే: పైన స్లాబు, పక్కన పడమటి గోడ. మీ ప్లాటు ముఖమే పడమర. కాబట్టి అద్దం ఆలోచన మానుకోండి, ఫాల్స్ సీలింగ్ వాయిదా వేయండి, ఆ డబ్బు స్లాబు పైపొరకు, పడమటి వైపు నీడకు పెట్టండి. లైట్ వెయిట్ ఇటుకలు మంచివే, కానీ ఒక షరతు మీద. అది కింద చెబుతాను.

అద్దం ఎందుకు వద్దంటున్నానో లెక్కతో చూడండి. బాబు పంపిన ఫొటోల్లాంటి అద్దం 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల ఎత్తు ఉంటుందనుకుందాం. అంటే సుమారు 20 చదరపు మీటర్లు. మే నెల మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు పడమటి గోడ మీద చదరపు మీటరుకు 500 వాట్లకు పైగా ఎండ పడుతుంది. మామూలు అద్దం అందులో 80 శాతం దాకా లోపలికి వదులుతుంది. మొత్తం 8 కిలోవాట్లు. 1.5 టన్నుల ఏసీ బయటికి తోడేయగలిగేది 5.3 కిలోవాట్లే. ఆ ఒక్క అద్దం తెచ్చే వేడిని తీయడానికే ఒకటిన్నర ఏసీలు కావాలన్నమాట. గోడల వేడి, స్లాబు వేడి, మనుషుల వేడి ఇంకా లెక్కలోకే రాలేదు. డబుల్ గ్లాస్ పెట్టిస్తాం కదా అని షాపువాళ్లు అంటారు. రెండు అద్దాల మధ్య గాలి ఉన్నంత మాత్రాన ఎండ ఆగదు. ఎండను ఆపే కోటింగ్ ఉన్న అద్దమే ఆపుతుంది, దాని ధర వేరు. అంత ధర పెట్టినా నీడలో ఉన్న గోడకు అది సాటి రాదు.

సజ్జ పెడితే సరిపోదా అన్న అనుమానం చాలామందికి వస్తుంది. దక్షిణానికి సరిపోతుంది, పడమరకు సరిపోదు. మన దేవరకొండ దగ్గర మే మొదటి వారం చివర్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అందుకే దక్షిణపు కిటికీకి 2 అడుగుల సజ్జ ఉంటే వేసవి ఎండ దాదాపు పూర్తిగా ఆగుతుంది. చలికాలం సూర్యుడు దక్షిణానికి వంగుతాడు కాబట్టి అప్పుడు కాస్త ఎండ లోపలికి వస్తుంది, అది కావలసిందే. పడమరలో కథ వేరు. సాయంత్రం 4 గంటలకు 2 అడుగుల సజ్జ ఇచ్చే నీడ కిటికీ మీద అడుగున్నర లోపే. 5 గంటలకు ముప్పావు అడుగు. కింది భాగమంతా ఎండలోనే ఉంటుంది. పడమరకు నిలువుగా అడ్డం ఉండాలి.

ఇంటి ముందు భాగం అందంగా ఉండాలన్న కోరిక తప్పు కాదు. ఆ అందాన్ని నీడతోనే తెచ్చుకోవచ్చు. ఇప్పుడు కొత్త ఇళ్లలో మట్టి జాలీలు, సిమెంటు జాలీలు మళ్లీ వస్తున్నాయి. ఈ మార్పు మన ఎండకు నిజంగా పనికొచ్చేది. పై అంతస్తు బాల్కనీ అంచున నేల నుంచి పై దాకా జాలీ కట్టించి, దాని వెనుక మూడు, నాలుగు అడుగుల బాల్కనీ వదిలి, ఆ తర్వాత మామూలు సైజు కిటికీ పెట్టండి. జాలీ రంధ్రం 4 అంగుళాలుంటే మందం కూడా కనీసం 4 అంగుళాలుండాలి. పలుచని రేకు జాలీకి రంధ్రాలు పెద్దవైతే ఎండ ఎటు పడితే అటు దూరుతుంది. అయిదు తర్వాతి వాలు ఎండ మందపు జాలీలోంచి కూడా కొంత వస్తుంది, అందుకే వెనుక కిటికీ చిన్నదై ఉండాలి. జాలీ గోడ ఎత్తు ఎక్కువైతే గాలికి ఊగకుండా ప్రతి 4, 5 అడుగులకు ఒక ఇనుప పట్టీ లేదా సన్న కాంక్రీటు పట్టీ వేసి పిల్లర్లకు కట్టించాలి. గేటు పక్కన ఒక కానుగ మొక్క పెట్టండి. పడమటి ఎండను ఆపడంలో దానికి మించిన ఖర్చు లేని పని లేదు. సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా పెడితే చాలు.

డబుల్ హైట్ హాలు మీద నాకు ద్వేషం లేదు. మన పాత భవంతి ఇళ్లలో నడిమి వాకిలి చేసిన పని కూడా అదే, వేడి గాలి పైకి పోయి బయటపడటం. కానీ ఇప్పటి డబుల్ హైట్‌లో పైన గాలి బయటికి పోయే దారి ఉండదు. వేడి పైన చేరి మీ పడకగది తలుపు ముందే నిలుస్తుంది. పెట్టాలనే అనుకుంటే పైన ఉత్తరం వైపు తెరిచే వెంటిలేటర్లు పెట్టించండి. స్లాబులో పడుకోబెట్టిన అద్దం మాత్రం వద్దు, మే నెల సూర్యుడు నడినెత్తిన ఉంటాడని చెప్పాను కదా. డబుల్ హైట్ వదిలేస్తే ఆ చోట పైన ఒక గది వస్తుంది. 200 గజాల్లో అది చిన్న లాభం కాదు. మెట్ల గది పైన లూవర్లు (గాలి పోయే వాలు పలకలు) పెట్టి రాత్రిళ్లు తెరిచి ఉంచితే వేడి గాలి ఆ దారినే పైకి పోతుంది.

కిటికీల విషయంలో ఒక్క మాట. అందరూ పెట్టిస్తున్న యూపీవీసీ స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. కేంద్ర ప్రభుత్వం ఇళ్ల కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో తెరుచుకునే భాగం ఇంటి లోపలి నేల వైశాల్యంలో వేడి, పొడి ప్రాంతాలకు కనీసం 10 శాతం, మిశ్రమ వాతావరణానికి 12.5 శాతం ఉండాలన్నారు. మీ ప్లాను మీద ఇంజినీరుతో ఆ లెక్క వేయించండి. స్లైడింగ్ పెడితే సగమే లెక్కలోకి తీసుకోవాలి.

పడకగది నైరుతిలో ఉండాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, అనడం సహజం. పడమర, దక్షిణం రెండు గోడలూ ఎండకు కాలే మూల అదే. 9 అంగుళాల ఎర్ర ఇటుక గోడ మధ్యాహ్నం మింగిన వేడిని ఏడెనిమిది గంటల తర్వాత లోపలికి వదులుతుంది, అంటే సరిగ్గా మీరు పడుకునే వేళకు. గది అక్కడే ఉండనివ్వండి. పడమటి గోడ పొడవునా బీరువాలు, వార్డ్‌రోబ్ వచ్చేటట్టు పెట్టి, మంచం తల ఆ గోడకు ఆనకుండా చూసుకోండి. కిటికీ దక్షిణానికి పెట్టండి. మీ పై గదికి స్లాబు వేడి కూడా తోడవుతుంది కాబట్టి ఈ జాగ్రత్త కింద అత్తమ్మ వాళ్లకంటే మీకే ఎక్కువ అవసరం.

ఇక స్లాబు. నా దృష్టిలో మీ ఇంటికి అన్నిటికన్నా ముఖ్యమైన ఖర్చు ఇదే. పైపొర లేని 5 అంగుళాల కాంక్రీటు స్లాబుకు వేడిని ఆపే గుణం దాదాపు లేదు. ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు నుంచి దిగే వేడి, ప్రతి డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు మించకూడదు. మామూలు స్లాబులో అది 3 వాట్లకు పైనే. స్లాబు మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ప్లాస్టిక్ నురగ) ఫోమ్ షీట్లు పరిస్తే అర వాటు దగ్గరికి వస్తుంది. 25 మిల్లీమీటర్ల షీట్ పెట్టినా నియమం దాటదు, డబ్బు తక్కువైతే అదైనా పెట్టండి. తెల్ల థర్మాకోల్ షీట్ వద్దు, అది బరువుకు అణుగుతుంది, నీళ్లు పీలుస్తుంది.

వరుస తప్పితే ఈ పని మొత్తం చెడుతుంది, అందుకే వరుసగా చెబుతున్నాను. స్లాబు పోశాక గట్లు కట్టి కనీసం 14 రోజులు నీళ్లు నిలపాలి. ఇప్పుడు దొరికే సిమెంటు ఎక్కువగా పీపీసీ (బూడిద కలిసిన రకం), దానికి 7 రోజులు చాలవు. సెంట్రింగ్ పోల్స్ 4.5 మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులకు, అంతకు మించితే 14 రోజులకు తీయవచ్చని కాంక్రీటు పనుల భారత ప్రమాణం చెబుతుంది, కానీ అది ఓపీసీ (బూడిద కలవని మామూలు) సిమెంటు లెక్క. పీపీసీకి ఇంకొన్ని రోజులు ఆగండి. సెంట్రింగ్ తీశాక మళ్లీ రెండు మూడు రోజులు నీళ్లు నిలిపి కింద తడి మచ్చలు చూడాలి. చెమ్మ ఉన్నచోట బాగుచేసి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్. పిట్టగోడ మొదట్లో మూల గుండ్రంగా చేసి, కోటింగ్‌ను గోడ మీదికి అడుగు ఎత్తు దాకా ఎక్కించాలి. కారడం ఎక్కువగా మొదలయ్యేది ఆ మూలలోనే. దాని మీద ఫోమ్ షీట్లు సందులు లేకుండా, ఆ పైన జియో టెక్స్‌టైల్ (నీళ్లు వదిలే సింథటిక్) గుడ్డ, ఆ పైన మెష్ వేసి 2 అంగుళాల కాంక్రీటు, చివర తెల్ల టైల్స్. వాలు ప్రతి 10 అడుగులకు ఒకటింపావు అంగుళం. ప్రతి 10 అడుగులకు ఒక సందు వదిలి సాగే మసాలాతో నింపాలి. లేకపోతే ఎండకు టైల్స్ పైకి లేస్తాయి. నీళ్లు పోవడానికి సుమారు 450 చదరపు అడుగులకు ఒక 4 అంగుళాల పైపు ఉండాలి. మన దగ్గర వాన రోజులు తక్కువ, కానీ కురిస్తే కుండపోతే.

ఇందులో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఈ పొరలన్నీ కలిపి 5 అంగుళాలకు పైగా లేస్తాయి. మెట్ల గది తలుపు గడప ముందే స్లాబు మీద 8 అంగుళాల ఎత్తులో పెట్టకపోతే తర్వాత వాన నీళ్లు మెట్ల మీదుగా ఇంట్లోకి దిగుతాయి. పొరల బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఇది స్లాబు డిజైన్ కాకముందే ఇంజినీరుకు చెప్పాలి.

పైన మరో అంతస్తు వేసే ఆలోచన రెండు మూడేళ్లలోనే ఉంటే ఇదంతా ఇప్పుడు దండుగ. అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ చేయించి ఏటా ఫిబ్రవరిలో తెల్ల సున్నంలో కొద్దిగా ఫెవికాల్ కలిపి రెండు మూడు కోటింగులు వేయించండి, లేదా కూల్ రూఫ్ పెయింటు రెండు కోటింగులు. దుమ్ము పట్టిన తెలుపు ఎండను తిప్పికొట్టదు, కాబట్టి వేసవిలో అప్పుడప్పుడు కడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, అంతకు పైబడిన ప్లాట్లలోని ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. మీ 200 గజాలకు ఆ నిర్బంధం లేదు, కానీ ఎండ గజాలు చూసి పడదు కదా.

ఇక ఇటుకల గొడవ. మీ ఇంజినీరు చెప్పిందీ నిజమే, మేస్త్రీ చెప్పిందీ నిజమే. లైట్ వెయిట్ ఇటుకలనే ఏఏసీ బ్లాకులంటారు. 8 అంగుళాల ఏఏసీ గోడ, 9 అంగుళాల ఎర్ర ఇటుక గోడ లోపలికి పంపే వేడిలో సగానికన్నా తక్కువే పంపుతుంది. బరువు మూడో వంతు. పడమటి గోడకు ఇంతకన్నా మంచి సరుకు మామూలు ధరలో లేదు. పగుళ్లు రావడం కూడా ఎన్నో ఇళ్లలో కనిపిస్తుంది. ఎర్ర ఇటుక అలవాట్లతో దీన్ని కట్టడమే వాటికి పెద్ద కారణం. ఎర్ర ఇటుకను నీళ్లలో నానబెడతాం. ఏఏసీని నానబెడితే తర్వాత ఆరుతూ కుంచించుకుని గోడ చీలుతుంది, పెట్టేముందు బ్రష్‌తో దుమ్ము దులిపి కొద్దిగా తడిపితే చాలు. ఎర్ర ఇటుకకు అర అంగుళం పైగా మాలు వేస్తాం. దీనికి బస్తాల్లో వచ్చే బ్లాక్ జాయింటింగ్ మసాలా 3, 4 మిల్లీమీటర్లే వేయాలి. మొదటి వరుస మాత్రం సిమెంటు మాలు మీద నీటి మట్టం చూసి పరచాలి, అది వంకరైతే పైదాకా వంకరే.

గోడ మూడున్నర, నాలుగు అడుగులు లేచాక 4 అంగుళాల మందం కాంక్రీటు బెల్టు, అందులో 8 మిల్లీమీటర్ల సలాకలు రెండు. కిటికీల పైన లింటెల్ ముక్కలుగా కాకుండా గోడ పొడవునా పోవాలి. గోడ 4 మీటర్లు దాటితే మధ్యలో ఒక సన్న పిల్లర్. పైన బీము కింద అర అంగుళం సందు వదిలి, గోడలన్నీ అయిన వారం పది రోజుల తర్వాత నింపాలి. వెంటనే బిగిస్తే బీము కాస్త వంగినప్పుడు బరువు గోడ మీద పడి చీలిక వస్తుంది. పిల్లరు, గోడ కలిసే ప్రతి చోటా చికెన్ మెష్ అటు 6, ఇటు 6 అంగుళాలు పట్టేటట్టు కొట్టి గిలాబు వేయాలి. గోడ కట్టిన రెండు మూడు వారాలకు గాని గిలాబు మొదలుపెట్టకూడదు. కరెంటు పైపులకు సుత్తి, ఉలి వాడనివ్వకండి, కట్టర్‌తోనే గాడి కోయాలి. గాడి లోతు గోడ మందంలో మూడో వంతు మించరాదు. బాత్రూముల్లో కింద 6 అంగుళాలు కాంక్రీటు గట్టు పోసి, దాని మీద బ్లాకులు పెట్టి, 6 అడుగుల ఎత్తు దాకా వాటర్‌ప్రూఫింగ్ చేశాకే టైల్స్. గీజరు, టీవీ, వంటింటి అల్మారాలు బిగించడానికి ఏఏసీ కోసమే చేసిన పొడవు ప్లగ్గులు కావాలి. మామూలువి కొంతకాలానికి వదులవుతాయి.

నేను పెట్టే షరతు ఇదే: ఈ పనులు ఇదివరకు చేసిన మేస్త్రీ దొరికితేనే ఏఏసీ. మీ మేస్త్రీ మొదటిసారి మీ ఇంటి మీదే నేర్చుకుంటానంటే, నిస్సంకోచంగా ఎర్ర ఇటుకతోనే కట్టించుకుని జాలీ, స్లాబు పొరల మీద శ్రద్ధ పెట్టండి. నేర్పున్న చేతి ఎర్ర ఇటుక గోడ, నేర్పులేని చేతి ఏఏసీ గోడకన్నా మేలు.

ఫాల్స్ సీలింగ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. అది కాలిన స్లాబును దాచుతుంది, చల్లబరచదు. పైగా కారడం మొదలైతే కనబడేసరికి ఆలస్యమవుతుంది. ఫ్యాన్లకు మాత్రం ఇప్పుడే బీఎల్‌డీసీ రకం (తక్కువ కరెంటుతో తిరిగే మోటారుది) తీసుకోండి. పాత ఫ్యాను 75 వాట్లు తింటే ఇవి 28 నుంచి 35 వాట్లలోనే తిరుగుతాయి.

ఫ్లోరైడ్ విషయానికి పైపులు వేయకముందే నిర్ణయం కావాలి. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు కూడా 1.5 మించకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరుకు, యూవీ ఒక్కటే ఉన్న మిషనుకు కూడా అది పోదు. ఆర్‌ఓకు పోతుంది. కాబట్టి మిషన్ భగీరథ నీళ్లకు వేరే సంపు లేదా వేరే ట్యాంకు పెట్టి వంటింటికి మాత్రమే ఒక లైను వేయించండి. బోరు లైను బాత్రూములకు, మొక్కలకు. రెండు లైన్లూ ఎక్కడా కలవకూడదు. ఆర్‌ఓ వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ పేరుకుని ఉంటుంది, వాటిని నేల తుడవడానికి వాడండి, గొడ్లకు పెట్టవద్దు. 1000 చదరపు అడుగుల స్లాబు మీద, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే, పోయింది పోగా 50 వేల లీటర్లు వస్తాయి. మొదటి వాన నీళ్లు బయటికి వదిలేసే వాల్వు ఒకటి పెట్టి, తర్వాతి నీళ్లను వడకట్టి బోరు దగ్గరి ఇంకుడు గుంతకు పంపండి. గుంత 4 అడుగుల చదరం, 6 అడుగుల లోతు, కింద పెద్ద కంకర, మధ్యలో చిన్న కంకర, పైన ఇసుక. సెప్టిక్ ట్యాంకుకు వీలైనంత ఎడంగా ఉండాలి. కాంక్రీటు కలపడానికి బోరు నీళ్లే వాడితే ముందు పరీక్ష చేయించండి. లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్ ఉన్న నీళ్లు సలాకలకు తుప్పు పట్టిస్తాయి.

సోలార్ ఇప్పుడే పెట్టకపోయినా దారి ఇప్పుడే వదలాలి. పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాటుకు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 అంతకు పైన 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. 3 కిలోవాట్లు రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి, 300 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. మెట్ల గది, నీళ్ల ట్యాంకు స్లాబుకు ఉత్తరం వైపు వచ్చేటట్టు ప్లానులోనే చూసుకుంటే దక్షిణం వైపు ఖాళీగా మిగులుతుంది. 7, 8 అడుగుల స్టాండు మీద ప్యానెళ్లు పెడితే ఆ మేరకు స్లాబుకు నీడ కూడా దొరుకుతుంది. పై నుంచి మీటరు దాకా ఒకటింపావు అంగుళం ఖాళీ పైపు గోడలో వేయించి రెండు చివరలూ మూత పెట్టించండి. గిలాబు వేసే ముందు రోజు ప్రతి గోడకు కొలత టేపు ఆనించి, పైపులన్నీ కనబడేటట్టు ఫొటోలు తీసి పెట్టుకోండి. తర్వాత మేకు కొట్టాలన్నా, కారే చోటు వెతకాలన్నా మీకు అవే ఆధారం.